ఆదివారం పొద్దున్నే గోదారి రేవుకి వస్తామనేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

రాజమండ్రిలో మేం ఓ పాతిక మందిమి, ఒక్కోవారం పదిమందే ఉంటాం, ఆదివారం పొద్దున్నే రేవు దగ్గర కలిసి మెట్ల మీద, నీటి అంచున ఉన్న చెత్త ఏరతాం. వాట్సాప్‌లో కొత్తగా చేరినవాళ్ళందరూ అవే ప్రశ్నలు అడుగుతున్నారు, రాత్రి పదకొండింటికి కూడా, టైప్ చేసి చేసి నా బొటనవేళ్ళు అరిగిపోతున్నాయి. అందుకని అన్నీ ఒకచోట రాసి పెట్టేస్తున్నా. కొంచెం పెద్దదే, మీకు కావల్సింది చూసుకోండి.

మీదేమైనా సంస్థా? చేరాలంటే ఫీజు ఉందా?

సంస్థ కాదు, బోర్డు లేదు, ప్రెసిడెంటు లేడు. ఫీజు లేదు. టీ డబ్బులు ఆ రోజు ఎవరి జేబులో ఉంటే వాళ్ళు ఇస్తారు. రిజిస్టర్ చేయిద్దామని రెండుసార్లు మాట్లాడుకున్నాం, రెండుసార్లూ ట్రెజరర్ ఎవరు అనే దగ్గర ఆగిపోయింది.

ఎన్నింటికి రావాలి, ఎంతసేపు?

ఎండాకాలం ఐదున్నర, చలికాలం ఆరున్నర. ఏడున్నర దాకా పని అంతే. ఏడున్నర దాటితే స్నానాలకొచ్చేవాళ్ళు పెరుగుతారు, మనం అడ్డం. పుష్కర్ ఘాట్, మార్కండేయ ఘాట్, కోటిలింగాల రేవు, ఒక్కోవారం ఒక్కోటి, శనివారం సాయంత్రం గ్రూపులో చెప్తాం. కార్తీకమాసం సోమవారాలు, పౌర్ణమి తర్వాత రోజు మాత్రం ఆదివారం కాకపోయినా వెళ్ళాల్సి వస్తుంది, ఆ అరటిదొప్పలు, థర్మాకోల్ ప్లేట్లలో పెట్టిన దీపాలు అన్నీ ఒడ్డుకే కొట్టుకొస్తాయి. అరటిదొప్పతో ఇబ్బంది లేదండీ, కుళ్ళిపోతుంది. థర్మాకోలే, చేత్తో పట్టుకుంటే పూసలు పూసలుగా విడిపోయి ఇంక దొరకదు.

ఈత రాదు, రావచ్చా?

నిక్షేపంలా రండి. మాలో సగం మందికి రాదు. రూల్ ఒకటే, ఎవరూ మోకాలు దాటి నీళ్ళలోకి దిగకూడదు, ఈత వచ్చినవాళ్ళు కూడా. మెట్లకి పాచి ఉంటుంది, పైకి ఎండినట్టు కనపడుతుంది, కాలు పెడితే జర్రున జారుతుంది. రేవు దాటి ఇసుక వైపు వెళ్తే ఇంకా జాగ్రత్త, ఇసుక తవ్విన గుంతలు నీళ్ళ కింద ఎక్కడున్నాయో పైనుంచి తెలీదు, మోకాల్లోతు నీళ్ళలో రెండడుగులు వేస్తే తల మునిగేంత లోతు రావచ్చు.

ఏం తెచ్చుకోవాలి?

చెప్పులు వద్దు, మందపాటి అడుగున్న బూట్లు గానీ గమ్‌బూట్లు గానీ. చేతులకి రబ్బరు గ్లౌజులు, పల్చటి సర్జికల్వి కాదు, హార్డ్‌వేర్ షాపులో దొరికే దళసరివి. మంచినీళ్ళు ఇంటినుంచి స్టీలు బాటిల్లో తెచ్చుకోండి, ఒకాయన అక్కడే వాటర్ బాటిల్ కొనుక్కుని తాగి పక్కన పెట్టి మర్చిపోయాడు, ఆ రోజంతా ఆయన్ని ఆడుకున్నాం.

బూట్ల గురించి ఎందుకు అంత గట్టిగా చెప్తున్నానంటే, బ్లేళ్ళు. రేవులో కర్మకాండలు జరుగుతాయి, గుండు చేయించుకుంటారు, వాడిన సగం బ్లేడు మెట్టు సందులో పడిపోతుంది. తర్వాత పగిలిన గాజు. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు చేయించుకున్నారో గుర్తులేకపోతే డాక్టర్ని అడిగి చేయించుకుని రండి. కాలికో చేతికో మానని పుండు ఉంటే ఆ వారం నీటి దగ్గర పని వద్దు, ఎలకల మూత్రం కలిసిన నీళ్ళ నుంచి లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది, అది పుండులోంచి తేలిగ్గా లోపలికి వెళ్తుంది. మీరు పైన మెట్ల మీద సంచులు పట్టుకోండి, అదీ పనే. సూది, సిరంజి కనపడితే ముట్టుకోవద్దు, పిలవండి చాలు, పట్టకారు మా దగ్గర ఉంది.

ఎక్కువగా ఏం దొరుకుతుంది? బీరు సీసాలా?

అందరూ ఇదే అనుకుంటారు, నేనూ అనుకున్నా. సీసాలున్నాయి, కానీ ఎక్కువ మనం భక్తిగా వేసినవే. పూలు, కొబ్బరి చిప్పలు, పసుపు కుంకుమ పొట్లాలు, ఇవన్నీ కవర్లో పెట్టి కవరు ముడేసి మరీ నీళ్ళలో వేస్తారు. ముడేసిన కవరు లోపల పూలు కుళ్ళి గ్యాస్ పట్టి బుర్రలా ఉబ్బి తేలుతుంటుంది, విప్పితే ఆ వాసన రెండ్రోజులు ముక్కులోంచి పోదు. తర్వాత పాత దేవుడి పటాలు. ఇంట్లో పటం పాతబడింది, చెత్తబుట్టలో వెయ్యడానికి మనసొప్పదు, గోదారి తల్లికిచ్చేద్దాం అని ఫ్రేముతో, అద్దంతో సహా వదిలేస్తారు. అద్దం మెట్టు మీద పగులుతుంది, తర్వాత ఏ ముసలావిడో దాని మీద కాలేస్తుంది.

ఇక బట్టలు. అస్థికలు కలపడానికొచ్చినవాళ్ళు కట్టుకున్న తడిబట్టలు అక్కడే వదిలేసి వెళ్ళిపోతారు, అది ఆచారం, దాన్ని నేనేమీ అనను. కానీ నీళ్ళలో నానిన పట్టుచీర బురదలో కూరుకుపోయాక ఒక్కసారి లాగి చూడండి. పోయిన చలికాలం కోటిలింగాల రేవులో ఒక ఆకుపచ్చ చీర కొంగు మాత్రం పైకి కనిపించింది, పావుగంటలో తీసేద్దాం అనుకున్నాం, నలుగురం ముప్పావుగంట లాగాం, సగం చీర వచ్చాక దాంతోపాటు చుట్టుకుని ఒక పంచె, ఒక చాప, నైలాన్ తాడు, ప్లాస్టిక్ పూలదండ, అన్నీ ఒకే ముద్దగా బయటికొచ్చాయి. మెట్టు మీద పడేస్తే థప్ మని శబ్దం. అందులోంచి చిన్న పీతపిల్ల ఒకటి నడుచుకుంటూ బయటికొచ్చి మావైపు చూసి మళ్ళీ నీళ్ళలోకి పోయింది.

పూజ సామాన్లు తీసేస్తుంటే జనం తిట్టరా?

తిడతారు. మొదట్లో మేం చేసిన తప్పేంటంటే, వాళ్ళు వేసిన వెంటనే వాళ్ళ కళ్ళముందే తీసేసేవాళ్ళం. ఒకావిడ, మా అమ్మ వయసుంటుంది, "ఏం బాబూ, నా మొక్కు నీకు చెత్తలా కనపడిందా" అంది. నోట మాట రాలేదు. ఆవిడన్నది కరెక్టే కదా.

అప్పట్నుంచి పద్ధతి మార్చాం. పై మెట్టు దగ్గర ఇద్దరు వెదురు గంపలు పెట్టుకుని నిలబడతారు. "అమ్మా, పూలు నీళ్ళలో వదిలెయ్యండి, కవరు మాత్రం ఇటివ్వండి" అంతే, ఇంకో మాట మాట్లాడరు, పర్యావరణం గురించి ఉపన్యాసం అసలొద్దు. పదిమందిలో ఏడెనిమిది మంది ఇచ్చేస్తారు. ఇంకా బాగా పనిచేసింది ఏంటంటే పురోహితుల్ని కలుపుకోవడం. రేవులో రోజూ కూర్చునే ఒక పంతులుగారు ఇప్పుడు సంకల్పం చెప్పించాక తనే "కవరు గోదారమ్మకి వద్దంటండీ, ఆ గంపలో వెయ్యండి" అని నవ్వుతూ చెప్తున్నారు. మేం ఏడాది అరిచినా రాని ఫలితం ఆయన ఒక్కమాటతో వస్తోంది. పటాలకి కూడా వేరే గంప పెట్టాం, అద్దం ఫ్రేము విడదీసి, కాగితం మాత్రం నానబెట్టి చెట్టు మొదట్లో కలుపుతాం, ఎవరికీ అభ్యంతరం రాలేదు.

ఏరిన చెత్త ఏమవుతుంది?

తడిది వేరు, ప్లాస్టిక్ వేరు, గాజు వేరు. సంచులు రోడ్డు మీదకి మోసి మున్సిపాలిటీ బండికి ఎక్కిస్తాం. బండి రాకపోతే వచ్చేదాకా ఒకరైనా ఉండాలి, ఇది పెద్ద దెబ్బ తిని నేర్చుకున్న రూలు. ఒక జులైలో ఇరవై రెండు సంచులు నింపి, అలిసిపోయి, రేపు పొద్దున్న ఎత్తిద్దాంలే అని కింది మెట్ల మీదే వదిలేసి టిఫిన్‌కి పోయాం. రాత్రికి వరద ఎర్రనీరు వచ్చేసింది. పొద్దున్న వచ్చి చూస్తే ఒక్క సంచీ లేదు, అన్నీ మళ్ళీ గోదాట్లోకే, ఈసారి మూతి కట్టి మరీ ఇచ్చాం. ఎవర్నీ అనడానికి లేదు, మా తప్పే.

వరద టైంలో చేస్తారా?

చెయ్యం. ధవళేశ్వరం బ్యారేజి దగ్గర 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, అంటే సుమారు 10 లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి వదుల్తున్నారని. 13.75కి రెండోది, 17.75కి మూడోది. మేం మొదటి హెచ్చరిక దాకా కూడా ఆగం, భద్రాచలంలో 43 అడుగులు, అంటే అక్కడి మొదటి హెచ్చరిక అని వార్త వచ్చిందంటే ఆ వారం రద్దు, ఎందుకంటే అక్కడ పెరిగిన నీళ్ళు తర్వాత వచ్చేది మన దగ్గరికే. 1986 ఆగస్టు వరద చూసిన పెద్దవాళ్ళని అడగండి, అప్పుడు ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. వరదప్పుడు గోదారి చూడాలనిపిస్తుంది, నాకూ అనిపిస్తుంది, గట్టు మీద నించుని చూడండి, సెల్ఫీ కోసం మెట్లు దిగొద్దు.

వరద తగ్గాక మాత్రం చేతులు ఎన్ని ఉన్నా చాలవు. మేట వేసిన ఒండ్రు ఆరకముందే తియ్యాలి, ఆరితే సిమెంటే.

నీళ్ళు ఎర్రగా ఉన్నాయి, కలుషితం అయిపోయిందా?

ఎరుపు వేరు, మురికి వేరు. జులై ఆగస్టుల్లో ప్రాణహిత, ఇంద్రావతి, శబరి అన్నీ కొండల మట్టి కడుక్కుని వస్తాయి, అది ఒండ్రు, ఆ ఒండ్రే మన డెల్టాని చేసింది. తేటగా ఉంది కదా అని వేసవిలో నీళ్ళు మంచివనుకోవడమూ పొరపాటే, అప్పుడు ప్రవాహం తక్కువ, కలిసిన మురుగు పల్చబడదు. స్నానానికి పనికొచ్చే నీళ్ళంటే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి లెక్క ప్రకారం లీటరుకి 5 మిల్లీగ్రాములు గానీ అంతకుమించి గానీ కరిగిన ఆక్సిజన్ ఉండాలి, బీవోడీ, అంటే నీళ్ళలో కుళ్ళుని అరిగించడానికి సూక్ష్మజీవులు వాడేసుకునే ఆక్సిజన్, 3 మిల్లీగ్రాములు దాటకూడదు, 100 మిల్లీలీటర్లలో కోలిఫాం, అంటే మురుగు కలిసిందని పట్టిచ్చే బాక్టీరియా, 500 దాటకూడదు. ఇందులో ఆక్సిజన్, దాంతోపాటు పీహెచ్, అంటే నీళ్ళలో పులుపు ఎంత, క్షారం ఎంత అన్నది, చిన్న కిట్టుతో మనమే చూడొచ్చు, మా గ్రూపులో ఇద్దరు డిగ్రీ కెమిస్ట్రీ పిల్లలు నెలకోసారి చూసి నోట్‌బుక్‌లో రాస్తున్నారు. కోలిఫాం మాత్రం ల్యాబ్‌లోనే. ప్రతిసారీ ఒకే టైంకి, ఒకే చోట తీసుకోకపోతే అంకెలకి అర్థం లేదు, మధ్యాహ్నం ఎండలో నాచు వల్ల ఆక్సిజన్ ఎక్కువ చూపిస్తుంది, తెల్లారుజామున తక్కువ చూపిస్తుంది.

ఊరి మురుగంతా కలుస్తుంటే మీరు కవర్లు ఏరి ఏం లాభం?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు చాలామంది రాకుండా ఉండటానికి అడుగుతారు, అయినా ప్రశ్న న్యాయమైనదే. నల్లా ఛానల్ లాంటి డ్రెయిన్ల నుంచి వచ్చే మురుగు ముందు మా సంచులు ఎంత. మేం కవర్లు ఏరినంత మాత్రాన గోదారి బాగుపడదు. కానీ ప్రతివారం అక్కడ ఉండేవాళ్ళకే ఏ తూములోంచి ఎప్పుడు నల్లగా వస్తోందో తెలుస్తుంది. మేం ఫోటో తీస్తాం, తేదీ టైము పడేట్టు, అదే తూము, అదే కోణం. అలా మూడునెలలవి కలిపి సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తాం, రసీదు తీసుకుంటాం. జవాబు సరిగ్గా రాకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు, శుద్ధి చేసి వదుల్తున్నారా, చేస్తే రోజుకి ఎంత, పరీక్షల రిపోర్టు కాపీ ఇవ్వండి అని. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఒక అర్జీకి మాకు "సమస్య పరిష్కరించబడినది" అని మెసేజ్ వచ్చింది, ఆ మెసేజ్ చదువుతున్నప్పుడు నేను ఆ తూము పక్కనే నించుని ఉన్నా. మళ్ళీ పెట్టాం.

గుర్రపు డెక్క పీకుతారా?

గోదాట్లో అంత సమస్య లేదు, పారే నీటిలో నిలవదు. కాలవల్లో ఎక్కువ. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు అడుగు కనపడుతుంది, అప్పుడు ఒకట్రెండు ఆదివారాలు అటు వెళ్తాం. పీకినదాన్ని గట్టు అంచున పడేస్తే మొదటి వానకే మళ్ళీ లోపలికి, కాబట్టి దూరంగా కుప్పేసి ఎండబెట్టాలి. నడుం నొప్పి ఉన్నవాళ్ళు దీనికి రాకండి, నిజంగా చెప్తున్నా.

వల కనపడితే కోసెయ్యొచ్చా?

వద్దు బాబూ వద్దు. తెగిపోయి కొట్టుకొచ్చిన వల వేరు, కట్టిపెట్టిన వల వేరు, మనకి తేడా తెలీదు. కొత్త కుర్రాడొకడు మంచిపని చేస్తున్నాననుకుని ఒకరి వల కోసేశాడు, ఆ బాబాయ్ పొద్దున్నే వచ్చి చూసి అరవలేదు, మెట్టు మీద కూర్చుండిపోయాడు. అరిచినా బాగుండేది. మేమంతా చందాలేసుకుని ఇచ్చాం. ఇప్పుడు ఏ వల కనిపించినా ముందు పడవలవాళ్ళని అడుగుతాం. వాళ్ళతో స్నేహం ఉంటే గోదారి సగం అర్థమైనట్టే. సముద్రంలో ఇలస అనే చేప ఎర్రనీటికి ఎదురీది పైకొచ్చేసరికి పులస అవుతుందని, గుడ్లు పెట్టడానికి పైకి పోవాలనుకుంటే ధవళేశ్వరం దగ్గర బ్యారేజి అడ్డమని, వీళ్ళు చెప్తేనే నాకు తెలిసింది. పుస్తెలమ్మి పులస తినాలనే సామెత అందరం చెప్తాం, ఆ చేప ఎందుకు తగ్గిపోతోందో ఒక్కరం అడగం.

పిల్లల్ని తీసుకురావచ్చా?

పదేళ్ళు దాటినవాళ్ళని, ఒక్కో పిల్లకి ఒక్కో పెద్ద చొప్పున. ఒక స్కూలువాళ్ళు చెప్పాపెట్టకుండా రెండు బస్సుల పిల్లల్ని దింపేశారు, ఇద్దరు టీచర్లు. ఆ రోజు చెత్త ఏరలేదు, పిల్లల్నే లెక్కపెట్టుకున్నాం.

రేవులో ఎప్పుడూ ఉండే పిల్లలు వేరే. తాడుకి అయస్కాంతం కట్టి నీళ్ళలోకి విసిరి చిల్లర లాగుతుంటారు చూశారా, వాళ్ళు మనకంటే పెద్ద నిపుణులు. స్టీలు రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు అతుక్కుంటాయి, ఇత్తడి రంగు ఐదు రూపాయల బిళ్ళ అతుక్కోదు, దానికి మునగాలి అని ఒకడు నాకు క్లాసు పీకాడు. ఏ మెట్టు తర్వాత లోతో, ఏ పక్క సుడి ఉంటుందో వాళ్ళకే తెలుసు. వాళ్ళని తోలెయ్యకండి, పేరు పెట్టి పిలవండి, టిఫిన్‌కి పిలవండి.

ఎవరైనా మునిగిపోతుంటే?

దూకొద్దు. కాపాడబోయి పోయినవాళ్ళ సంగతి ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. తాడు విసరండి, లేదా మూత బిగించిన ఖాళీ ఇరవై లీటర్ల క్యాన్, లేదా చీర. గట్టిగా అరిచి పడవలవాళ్ళని పిలవండి, ఒకరు 112కి ఫోన్ చెయ్యండి. మా దగ్గర ఒక క్యానుకి తాడు కట్టి ఎప్పుడూ మెట్ల మీద పెడతాం, దాన్ని టీ స్టూలుగా వాడొద్దని ఎన్నిసార్లు చెప్పాలో తెలీదు.

వినాయక నిమజ్జనం రోజుల్లో?

ముందు పదిరోజులు వీధి వీధి తిరిగి మట్టి విగ్రహం పెట్టమని అడుగుతాం. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ బొమ్మలు వద్దని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లోనే మార్గదర్శకాలిచ్చింది. తర్వాత రోజు ఇనుప చువ్వలు, చెక్కలు, మిగిలిన చేతులు తొండాలు తీస్తాం. చూడ్డానికి బాధగా ఉంటుందండీ, ఎక్కువ రాయను.

పని అయ్యాక వెళ్ళిపోవడమేనా?

వెళ్ళిపోతే ఇంక వచ్చేదెందుకు! నాలుగువారాలు చెత్త మాత్రమే ఏరి వెళ్ళినవాళ్ళు ఐదోవారం రారు, ఇది నేను చూసి చూసి చెప్తున్నా. కాబట్టి ఏడున్నరకి గ్లౌజులు తీసి చేతులు సబ్బుతో కడుక్కుని గట్టు మీద కూర్చుంటాం. ఎదురుగా హేవలాక్ వంతెన, 1900లో రైళ్ళు మొదలై 1997లో ఆగిపోయాయి, దాని పక్కన ఆర్చి బ్రిడ్జి, అటుపక్క 1974 నుంచీ ఉన్న కొవ్వూరు రోడ్ కం రైల్ బ్రిడ్జి. రైలు వెళ్తుంటే కిటికీల్లోంచి చిల్లర విసరడం కనపడుతుంది, పెద్దవాళ్ళు దణ్ణం పెట్టుకుంటారు. నీటికాకులు రాళ్ళ మీద రెక్కలు ఆరబెట్టుకుంటుంటాయి, లకుముకి పిట్ట ఒకటి రోజూ అదే తాడు మీద. మేలో ఇసుక లంకల వైపు నడిచేటప్పుడు తీతువు నెత్తి మీద అరుస్తూ తిరిగిందంటే ఆగిపోండి, గుడ్లు ఇసుకలోనే ఉంటాయి, రాళ్ళలాగే ఉంటాయి, కాలి కింద పడేదాకా తెలీదు.

నెలకోసారి పడవ మీద లంకకి వెళ్తాం. సరంగుతో ముందే మాట్లాడుకుంటాం, ఎంతమందో అన్ని లైఫ్ జాకెట్లు ఉంటేనే ఎక్కుతాం. ఫోటో కోసం జాకెట్ తీస్తానన్నవాళ్ళని దింపేస్తాం. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర జరిగిన పడవ ప్రమాదం మర్చిపోయే వయసు ఎవరికీ లేదు.

2027 పుష్కరాలకి మీ ప్లాన్ ఏంటి?

బృహస్పతి సింహరాశిలోకి వచ్చినప్పుడు గోదారికి పుష్కరం, 2015 తర్వాత మళ్ళీ 2027. 2015లో మొదటిరోజే తొక్కిసలాట జరిగిన ఊరు ఇది, కాబట్టి సొంతంగా గుంపుగా వెళ్ళి రద్దీలో నించోం, అధికారులు ఏ డ్యూటీ ఇస్తే అది. మా పనంతా ముందే చేసుకోవాలి, ఇప్పుడే, వెదురు గంపలు, పంతుళ్ళతో మాట, దొప్పలు అమ్మే ఆవిడలు థర్మాకోల్ మానేసేట్టు చూడటం. పన్నెండు రోజుల్లో ఎవర్నీ మార్చలేం.

హైదరాబాద్‌లో ఉంటాం, అమెరికాలో ఉంటాం, డబ్బులు పంపొచ్చా?

వద్దండి, ట్రెజరర్ లేడని పైన చెప్పా కదా. సెలవలకి వచ్చినప్పుడు ఒక ఆదివారం రండి, జెట్‌లాగ్‌తో ఎలాగూ నాలుగింటికి మెలకువ వస్తుంది. ఇంట్లోవాళ్ళ అస్థికలు కలపడానికి వస్తే మాకు ముందుగా ఒక మెసేజ్ పెట్టండి, తడిబట్టలు వెయ్యడానికి గంప పట్టుకుని మెట్ల దగ్గర ఎవరో ఒకరం ఉంటాం, మీరు ఏమీ మాట్లాడక్కర్లేదు.